కాళ్ళవైపు దేవయాని

కుముదిని ఇంట్లో ఉత్తరానికి తల పెట్టి ఎవరూ పడుకోరు. చుట్టాలొచ్చి హాల్లో వరసగా పక్కలేసినా, ఎవరికైనా జ్వరమొచ్చి మంచం గాలివైపు తిప్పాల్సొచ్చినా, ఆవిడ ముందు దిక్కు చూసుకుంటుంది, తరవాతే దుప్పటి పరుస్తుంది. అలాంటి మనిషి ఇవాళ పొద్దు వాలాక, భిలాయి రిసాలి క్వార్టర్ల చివరి వరసలో తమ డాబా మీదకి చాప చంకన పెట్టుకొచ్చి, నీళ్ళ ట్యాంకుకి అవతలగా పరిచి, మొగుడి దిండు కావాలని ఉత్తరం వైపు పెట్టింది. పెట్టి తీసింది. తీసి మళ్ళీ పెట్టింది. ఎవరైనా చూస్తున్నారేమోనని పక్క డాబా వైపు తొంగి చూస్తే అక్కడ వడియాల గుడ్డ తప్ప మరేం లేదు. తప్పు చేస్తున్నానని తెలుసు, మనసులోనే దేవుడికో దణ్ణం పెట్టి, ఇది నిద్రపోవడం కాదు, ఆకాశం చూడ్డం, నిద్రపోతేనే కదా దోషం అని తనకి తానే సర్ది చెప్పుకుంది. ఆ తరవాత కిందకి దిగి, మురళీధర్‌ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, ట్యాంకు చుట్టూ ఒక తిప్పు తిప్పి తీసుకొచ్చి, "ఇక్కడ పడుకోండి, ఆ పక్కంతా ట్యాంకు కారుతోంది" అంది. ట్యాంకు కారడం లేదు. ఆయన దిండు తడిమి చూసుకుని, వెల్లకిలా పడుకుని, కాళ్ళు బార్లా చాపి, "చీకటి బాగుంది ఇవాళ. ఇంకాస్త ముదరనీ, అప్పుడు చూపిస్తాను దేవయానిని" అన్నాడు. సరే అని ఆవిడ కూడా పక్కన ఒరిగింది. వీధి దీపం మాడిపోయి చాలా రోజులైంది, బాగుచేసేవాడు రాలేదు, ఈ ఒక్క సాయంత్రానికి వాడు రాకపోవడమే మంచిదయింది.

డిసెంబరు చలి సిమెంటులోంచి చాప గుండా నడుముకి ఎక్కుతోంది. ఉక్కు ప్లాంటు లోపలెక్కడో ఇంజను కూత పెట్టింది. దేవయాని. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ కుముదినికి చెవులు వేడెక్కుతాయి. మూడు చలికాలాల కిందట వంటింట్లో చారు పోపు పెడుతూ ఆ పేరు మొదటిసారి వింది. ముందుగదిలో ఈయన టెలిఫోన్‌లో హిందీలో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "ఆజ్ దేవయాని దిఖేగీ?" ఇవాళ దేవయాని కనపడుతుందా అని. పోపు మాడింది. తరవాత ఒక నవ్వు, ఆ నవ్వు తరవాత, "తిర్ఛీ లేటీ హై నా, ఇసీలియే పూరీ నహీఁ దిఖ్తీ." వాలుగా పడుకుని ఉందట, అందుకే పూర్తిగా కనపడదట! దాని మీద భుజాల ప్రసక్తి, ఆమెవి రెండు భుజాలూ చుట్టుకుని ఉంటాయట. హిందీలో భుజ అంటే చెయ్యి అని ఇన్నేళ్ళ భిలాయి కాపురంలో కుముదినికి తెలియక కాదు, కాని ఆ వేళ ఆ మాట అచ్చ తెలుగులోనే వినపడింది, చీర జారిన భుజంలాగే వినపడింది. అవతల మాట్లాడింది మనోజ్‌కుమార్ అని ఒక కుర్ర ఇంజనీరు. వాడికీ తెలుసన్నమాట. ఊరందరికీ తెలుసన్నమాట. ఆ రాత్రి ఆవిడ చారు పొయ్యకుండా మజ్జిగ పోసింది, ఆయన గమనించను కూడా లేదు.

కింది వాటా అచ్చమ్మకి చెప్పుకుంది, చెప్పకుండా ఉండాల్సింది. అచ్చమ్మ శ్రీకాకుళం మనిషి, ఆవిడ మొగుడు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరయ్యాడు, ఖుర్సీపార్ బస్తీ నిండా చుట్టాలున్నారు, ఏ మాటైనా సాయంత్రానికి అక్కడికి చేరిపోతుంది. "ఏటమ్మా కుముదినమ్మా, దేవయానా? బెంగాలీ పిల్లయుంటాది. పేరెట్టి మరీ పిలుస్తన్నాడంటే శానా దూరం ఎల్లిపోనాదన్నమాట" అంది. ఎంత దూరం వెళ్ళిందో తరవాత తెలిసింది. ఈయన స్నేహితుడు వాసుదేవరావు పండక్కి వచ్చినప్పుడు కుముదిని ఉండబట్టలేక దేవయాని ఎవరని నిలదీస్తే, ఆ మనిషి పొట్ట పట్టుకుని నవ్వి, పళ్ళెంలో జిలేబీ తీసి ఇలా ఉంటుంది వదినగారూ అన్నాడు. ఆడమనిషి కాదు, గెలాక్సీ. నక్షత్రాల సుడి. జిలేబీని తిన్నగా పైనుంచి కాకుండా పళ్ళెం అంచుకి కళ్ళు పెట్టి చూస్తే ఎలా కోలగా కనపడుతుందో అలా వాలి ఉంటుందట, మధ్యలో ఉబ్బుగా తెల్లటి వెలుగు, చుట్టూ సుళ్ళు, సుళ్ళ మధ్య నల్లటి దుమ్ము చారలు, పక్కన తోకాడించే కుక్కపిల్లల్లా రెండు చిన్న గెలాక్సీలు. అక్కణ్ణుంచి వెలుగు మన దాకా రావడానికి ఇరవై లక్షల ఏళ్ళ పైమాటేనట. ప్లాంటులో ఆకాశం పిచ్చివాళ్ళు కొందరు చేరి అమావాస్య రోజుల్లో ఊరవతల చెరువు గట్టు మీదకి చూడ్డానికి వెళ్తారు, దానికో క్లబ్బు. అందరూ నవ్వారు. కుముదిని కూడా నవ్వింది. అచ్చమ్మ మాత్రం, "సుక్కలైనా ఆడపేరే ఎట్టుకోవాలా?" అని గొణుక్కుంటూ జిలేబీ తింది.

అనుమానం అంత తేలిగ్గా పోయే జబ్బయితే మందే అక్కర్లేదు. పరువు కోసం నవ్వింది గాని కుముదిని లోపల ఏదో నలుగుతూనే ఉంది. గెలాక్సీలు చాలావరకు మననుంచి దూరంగా పరుగెడుతుంటే ఇది మాత్రం మనవైపే వస్తోందని ఆయన మురిసిపోతూ చెప్పినప్పుడు, వస్తుంది వస్తుంది, ఎందుకు రాదు అనుకుంది. దాని నడిబొడ్డున ఒకటి కాదు, రెండు వెలుగు ముద్దలున్నాయని ఈ మధ్యే పెద్ద దుర్భిణితో కనిపెట్టారని చెప్పినప్పుడు, రెండు గుండెల సంగతి మొగాళ్ళకి దుర్భిణి లేకపోయినా తెలుసు అనుకుంది. ఆయన చెరువు గట్టు నుంచి వచ్చిన ప్రతిసారీ ఉబ్బు, సుళ్ళు, దుమ్ము చారలు, కుక్కపిల్లలు, అదే వరస, అవే మాటలు. వాసుదేవరావు చెప్పినవి పొల్లు పోకుండా. ఒకసారి చూసిన సినిమా కథ చెప్పమన్నా మనిషి రెండోసారికి ఒక ముక్క అటూ ఇటూ చేస్తాడే, ఇదేమిటి అప్పజెప్పినట్టు? అయినా ఊరుకుంది. పోయినేడు ఒక సాయంత్రం ఆయన క్లబ్బుకి వెళ్ళాడు, ఈవిడ బట్టలు తియ్యడానికి ఇదే డాబా ఎక్కింది, ఆకాశం నిండా పల్చటి మబ్బు, చుక్క అన్నది లేదు. ఆయన తిరిగొచ్చి షూస్ విప్పుతూ, "ఇవాళ ఎంత బాగా కనపడిందనుకున్నావ్" అన్నాడు. కుముదిని చేతిలో తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. కనపడని దాన్ని చూసొచ్చానంటున్నాడంటే, మరి చూసొచ్చింది ఎవర్ని?

ఆ ఏడుపు ఒక నెల ఏడ్చింది. తలుపు గడియ కోసం ఆయన గోడంతా తడుముతుంటే మనసిక్కడ లేదనుకుంది. దీపాలు పెట్టే వేళ కొత్త నీలం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వితే ఆయన నవ్వకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు, పెళ్ళాం మొహం చూడాలని కూడా అనిపించడం లేదా అని వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఆ చప్పుడులో వెక్కింది. సినిమా హాల్లో ఆలస్యంగా వెళ్ళి ఎవరో పెద్దమనిషి ఒళ్ళో కూర్చున్నాడు, అందరూ నవ్వితే తనూ నవ్వేసి కావాలనే చేశానన్నాడు, అది కూడా ఏ ధ్యాసలోనో ఉన్నాడనడానికే లెక్క రాసుకుంది. ఆ తరవాత ఓ ఆదివారం నెహ్రూ నగర్ మార్కెట్లో మనోజ్‌కుమార్ ఎదురై, తెలుగు రాని వాడు కాబట్టి హిందీలోనే, "దీదీ, పోయిన నెల ఆ రోజు ఎంత నిరాశో! భయ్యా మాతోనే ఉన్నారు, మబ్బులు విడిపోతాయని చివరిదాకా కూర్చున్నాం, ఏమీ కనపడలేదు" అన్నాడు. కుముదిని సంచీ కింద పెట్టేసింది. అక్కడే ఉన్నాడు. ఏమీ చూడలేదు. చూశానన్నాడు. ఏ ఆడదాని కోసమైనా అబద్ధమాడితే అర్థముంది, మబ్బు కమ్మిన ఆకాశం కోసం ఎవడైనా అబద్ధమాడతాడా? బీరకాయలు బేరమాడకుండా కొనేసి ఇంటికి నడుస్తుంటే గడియ, నీలం చీర, సినిమా హాలు, కడుపు నొప్పని ఒకసారీ క్లచ్చు బాగోలేదని ఒకసారీ చీకటి పడ్డాక స్కూటరు తియ్యక క్లబ్బుకి కూడా ఎవరి బండి వెనకో ఎక్కిపోవడం, అన్నీ వచ్చి ఒక పక్కకి చేరాయి. రేచీకటి. ఆ మాట నోటితో అనడానికి కూడా భయమేసింది. మొగుడు తనని చూడ్డం మానేశాడని ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చి, సిగ్గూ జాలీ ఒకేసారి తన్నుకొచ్చాయి.

అడిగింది కూడా. ఒకసారి అన్నం పెడుతూ, "మీకు చీకట్లో సరిగ్గా కనపడుతోందా?" అంది. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "నీకు అన్నిటికీ అనుమానమే. మొన్నటిదాకా ఆడది, ఇప్పుడు కళ్ళా?" అన్నాడు. దాంతో నోరు మూతపడింది, అనుమానప్పక్షి మాటకి విలువేముంటుంది. రెండేళ్ళుగా నడుం నొప్పి వంకతో పగటి డ్యూటీ చేస్తున్నాడు, ఆఫీసులో ట్యూబ్ లైట్ల కింద, కాబట్టి ఆవిడా చూసీ చూడనట్టు నెట్టుకొచ్చింది. కాని ప్రమోషన్ వచ్చింది. ఇంటిల్లిపాదీ మిఠాయి పంచాల్సిన ప్రమోషను. సోమవారం నుంచి కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు ఈయన చేతి కింద. కుముదిని ఒకసారి ప్లాంటు చూసింది, కుటుంబాలని తీసుకెళ్ళినప్పుడు. కరిగిన ఇనుము కాలవలో పోతుంటే ఆ వెలుగుకి కళ్ళు చెదిరాయి, పక్కకి తిరిగితే మంచి కళ్ళున్న తనకే కాసేపు ఏమీ కనపడలేదు, ఎవరో చెయ్యి పట్టి లాగితే గుంత అంచు నుంచి వెనక్కొచ్చింది. అక్కడ ఈయన నడవాలి. ఈయన సైగ చేస్తే మిగతావాళ్ళు కదలాలి. ఎవరి ప్రాణమో ఈయన కళ్ళ మీద పెట్టి సోమవారం పంపాలా, ఆపాలా? ఆపాలంటే రుజువుండాలి, రుజువు లేకుండా ఈయన ఒప్పుకోడు. అందుకే దిండు. తల దక్షిణానికి పెట్టి పడుకుంటే దేవయాని కాళ్ళవైపు, నడినెత్తికి కాస్త దిగువగా ఉంటుందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. కుముదిని పరిచిన చాప మీద తల ఎటుంటుందో ఆయనకి చూడక్కర్లేదు. ఈ భూమ్మీద ఎవరు తప్పినా ఆవిడ తప్పదు.

"ఇప్పుడు చూడు" అన్నాడు మురళీధర్. ఆయన చెయ్యెత్తి నడినెత్తి చూపించి, అక్కణ్ణుంచి కాళ్ళవైపు వేలు మెల్లగా దించాడు. "అదిగో. తిన్నగా చూడకు, తిన్నగా చూస్తే మాయమైపోతుంది. ఓరచూపు చూడాలి. కోలగా, తెల్లగా, ఉందా? మధ్యలో ఉబ్బు. అంచున సన్నగా నల్లటి చార. ఇవాళ చాలా బాగుంది కుమూ, ఎప్పుడూ లేనంత బాగుంది." ఆ గొంతులో ఎంత సంతోషం పోశాడో. వేలు దక్షిణాన్ని చూపిస్తోంది. అక్కడ చెప్పుకోదగ్గ చుక్క కూడా లేదు, ఉత్త నలుపు. దొరికాడు. ఇన్నాళ్ళు కాపు కాసిన దొంగ ఇవాళ చేతికి చిక్కాడు, మరి పట్టుకున్నందుకు సంతోషమేది? ఊఁ అనాలా, అటు కాదండీ అనాలా అని ఆవిడ తేల్చుకునేలోపే ఆకాశం ఎర్రబడింది.

ప్లాంటువాళ్ళు స్లాగ్ పోశారు. కొలిమి చిట్టెం బండ్లకెత్తి తీసుకెళ్ళి గుట్ట మీద కుమ్మరించినప్పుడల్లా భిలాయిలో ఉత్తరపు దిక్కు ఇలాగే మండుతుంది, పసిపిల్లలు కూడా ఉలిక్కిపడరు. ఆ ఎరుపు మాత్రం మురళీధర్‌కి బాగా కనపడుతుంది. ఎప్పుడూ కాళ్ళ ముందు నుంచి లేచే ఎరుపు. ఇవాళ తల వెనకనుంచి లేచింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది, తరవాత మెల్లగా గుండెల మీదకి దిగింది. ఆయన మెడ తిప్పి వెనక్కి చూశాడు, కాళ్ళవైపు చూశాడు, మళ్ళీ వెనక్కి చూశాడు.

"ఉత్తరానికి పెట్టావా నా తల?" అన్నాడు.

"పెట్టాను" అంది.

"నువ్వా?"

ఆ ఒక్క మాటకి కుముదిని కుంగిపోయింది. దెబ్బలాడితే బాగుండును, నీ అనుమానం తగలెయ్యా అంటే బాగుండును. ఆయన లేచి కూర్చుని మోకాళ్ళు చుట్టుకున్నాడు. ఎర్రటి వెలుగులో ఆయన చెంప, నెరిసిన గడ్డం తెలుస్తున్నాయి, కోపం మాత్రం ఎంత వెతికినా లేదు.

"ఎప్పటినుంచి కనపడడం లేదండీ?" అంది.

"ఎప్పటినుంచి ఏటి? ఎప్పుడూ కనపడలేదు."

ఏమిటంటున్నాడో ఆవిడకి అందలేదు. ఆయనే చెప్పుకుపోయాడు, ఆవిడతో కాదు, మోకాళ్ళతో చెప్పుకుంటున్నట్టు. "మా అమ్మ, మా మావయ్య, నేను, దీపాలు పెట్టాక ముగ్గురం గోడ పట్టుకునే తిరిగీవాళ్ళం. మా ఇంట్లో ఎవరికీ వింతగా ఉండీది కాదు. చీకటంటే అంతేననుకున్నాను. చుక్కలంటే ఆ పెద్దవి నాలుగైదే, మిగతాదంతా పుస్తకాల్లో గొప్పకి రాశారనుకున్నాను. ఇక్కడికొచ్చాక గట్టు మీద వాసుదేవరావు అదిగో అన్నాడు, మనోజ్ వాహ్ అన్నాడు, నేనూ వాహ్ అన్నాను. పెద్దసారు జోకేస్తే అర్థం కాకపోయినా అందరం నవ్వుతాం చూడు, అలాంటిదే ఇదీ అనుకున్నాను. ఒకడికీ కనపడదు, ఒకడూ ఒప్పుకోడు. మూడేళ్ళుగా వాళ్ళందరి మీదా నాకు అనుమానం, కుమూ."

అనుమానం ఈ ఇంట్లో తన ఒక్కదాని ఆస్తి అనుకుంది కుముదిని ఇన్నాళ్ళూ. పక్కనున్న మనిషి తనకంటే పెద్ద అనుమానాన్ని, తనకంటే గట్టిగా పట్టుకుని బతుకుతున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలో పాడైపోయింది.

"ఈ మధ్య ఆ అనుమానం కూడా నిలవడం లేదు" అన్నాడాయన. "వాళ్ళని అడగలేను. డాక్టరు దగ్గరికెళ్తే కాగితం మీద రాసీస్తాడు, ఇంక అంతే. నువ్వు చూడు. ఆ ఎరుపు తగ్గాక చూసి చెప్పు. నీకు కనపడకపోతే వాళ్ళు బొంకుతున్నట్టే, నేను సోమవారం డ్యూటీకి వెళ్తాను. కనపడితే..." అక్కడ ఆగాడు. "నువ్వు అబద్ధం చెప్పవు."

"ఇందాకే చెప్పానుగా, ట్యాంకు కారుతోందని."

"అది కాదు" అన్నాడు, పిల్లాడు బతిమాలినట్టు. "ఇది చెప్పవు."

కుముదిని లేచి నిలబడి ఉత్తరానికి తిరిగింది. ఎరుపు ఇంకా ఉంది, కాస్త నారింజకి తిరిగి, అంచుల్లో వెలిసిపోతోంది. వెలిసిపోకపోతే బాగుండును, ఇంకో బండి పోస్తే బాగుండును, తెల్లారేదాకా పోస్తూనే ఉంటే బాగుండును. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ దాని వంక చూడలేదు, ఆడపేరు పెట్టుకున్న దాన్ని చూడ్డమేమిటని పంతం. ఎక్కడుంటుందో మాత్రం తెలుసు, విని విని. ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఐదు చుక్కలు, వాటికి పైగా, నడినెత్తి దారిలో. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, చలికేనా, పమిటతో తుడుచుకుంది. కనపడకు. తల్లీ, నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటాను, కనపడకు. బియ్యంలో మెరిగెలు దీపం లేకుండా ఏరే కళ్ళు నావి, ఈ ఒక్క పూట మసకబారితే ఏం పోయింది. ఎమ్ అక్షరం దొరికింది. పైకి వెళ్ళింది. ఏమీ లేదు. ఊపిరి పీల్చుకుంది. చెప్పెయ్యొచ్చు, లేదండీ అని, ఆయన మొహం విప్పారుతుంది, ఇద్దరం కిందకి దిగి వేడిగా చారన్నం తినొచ్చు, సోమవారం దాకా సుఖంగా ఉండొచ్చు. సోమవారం ఆ కాలవ అంచున ఆయన సైగ కోసం చూసే మనుషులు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళ కోసం చూసే ఆడవాళ్ళు. చూపు పక్కకి తిప్పుకుంది, ఇంక చూడలేక, అంతే. అలా తిప్పుకున్నప్పుడు కంటి కొసకి తగిలింది. తిన్నగా చూసింది, పోయింది. పక్కకి చూసింది, వచ్చింది. జిలేబీ కాదు, సుళ్ళు లేవు, చారల్లేవు, కుక్కపిల్లల్లేవు. చలికి అద్దం మీద ఊదిన ఊపిరంత, కోలగా, వాలుగా. కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. ఉంది. మళ్ళీ మూసి తెరిచింది. ఎంత నెమ్మదిగా ఉందో, ఎవరి జోలికీ రానట్టు.

"కుమూ?"

ఆవిడ వచ్చి ఆయన పక్కన కూర్చుని, చీకట్లో ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

"కనిపిస్తోందండీ" అంది.

మురళీధర్ చెయ్యి బిగిసింది, తరవాత వదులైంది. కింద అచ్చమ్మ రేడియో కట్టేసింది. ఆయన ఆకాశంవైపు కాకుండా ఆవిడ గొంతు ఎటుందో అటు మొహం తిప్పి, ఏమీ తెలియనివాడిలా, "ఎలా ఉంటుంది?" అని అడిగాడు.